బేస్‌బాల్ జట్టు యాంకీస్ పిచర్ (బంతి వేసేవాడు) మో, అంటే మరియానో రివెరా, ఆఖరి ఆట చూసి వచ్చాం. ఒక్క ఇన్నింగ్స్ వేసేవాడికి ఇంత గౌరవం ఎక్కువంటారా?

ఎడిసన్_శ్రీను
27 సెప్టెంబరు 2013, రాత్రి 1:40

ఇప్పుడే బ్రాంక్స్ నుంచి ఇల్లు చేరాం. పిల్లలు కార్లోనే నిద్రపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇక్కడికొచ్చాను.

మా న్యూయార్క్ యాంకీస్ టాంపా బే రేస్ చేతిలో 4-0తో ఓడిపోయింది. ప్లేఆఫ్స్ ఆశ మొన్న రాత్రే పోయింది కాబట్టి స్కోరు ఎవరికీ పట్టలేదు. అందరూ వచ్చింది మరియానో రివెరా కోసం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ పడ్డాక బుల్‌పెన్ (తర్వాత వేసే పిచర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తీశారు. 42 నంబరు చొక్కా బయటికొచ్చింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అవతలి జట్టు కూడా తాము కూర్చునే డగౌట్ మెట్ల మీదకొచ్చి చప్పట్లు కొట్టింది. నలుగురు బ్యాటర్లు వచ్చారు, నలుగురూ అవుట్.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో అవుట్ తర్వాత మౌండ్ (పిచర్ నిలబడి వేసే దిబ్బ) దగ్గరికి, పిచర్‌ని మార్చడానికి ఎప్పుడూ వచ్చే మేనేజర్ జిరార్డి రాలేదు. ఏళ్ళ తరబడి తోటి ఆటగాళ్ళు డెరెక్ జీటర్, ఆండీ పెటిట్ నడుచుకుంటూ వచ్చారు. మా నాన్న తెనాలి నుంచి ఆగస్టులో వచ్చారు. రిటైర్డ్ హెడ్మాస్టరు, బేస్‌బాల్ చూడటం ఇదే మొదటిసారి. నా చెయ్యి పట్టుకుని, "ఏరా, బాగానే వేస్తున్నాడుగా, తీసేస్తున్నారేం? ఏం తప్పు చేశాడు?" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. మో వెళ్ళి పెటిట్ భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. ఎంతసేపని! పెటిట్ అలా పట్టుకునే ఉన్నాడు. అంపైర్లు కూడా ఏమీ అనలేదు. అప్పుడు నాన్న ఇంక అడగడం మానేసి, కండువా సర్దుకుని లేచి నిలబడ్డారు.

దారిలో టర్న్‌పైక్ మీద ఉండగా ఆయనే అన్నారు: "మా బడిలో రిటైరయ్యే మాస్టారు ఆఖరి పీరియడ్ చెప్తుంటే, బెల్లు కొట్టే ముందు తోటి మాస్టర్లు ఇద్దరు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళురా. వాళ్ళని చూడగానే చాక్‌పీసు కింద పెట్టేవాడు. ఇదీ అదే."

ఇప్పుడు నా బాధ వినండి. నిన్న మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల దగ్గర మా టీమ్‌లో ఒకాయన, "ఏడాదికి అరవై డెబ్భై ఇన్నింగ్స్ వేసేవాడికి ఇంత హడావిడేంటండీ? మొదటినుంచి వేసే పిచర్లు రెండొందలు వేస్తారు" అన్నాడు. ఏదో చెప్పబోయాను, కుదరలేదు. 1999లో వచ్చిన దగ్గర్నుంచి ఈయన్ని చూస్తున్నాను, అయినా నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పలేకపోయాను. మీరేమంటారు?

బ్రాంక్స్_బావ

నేను సెక్షన్ 203లో ఉన్నాను. నా పక్కన ఒక పోలీసాయన, ఆరడుగుల మనిషి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మీ టీమ్ ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టాల్సింది.

లెక్కల_మాస్టారు

శ్రీను గారూ, మీ కొలీగ్ మాటలో సగం నిజం ఉంది. తిట్టుకున్నా సరే చెప్తాను.

చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడిన పిచర్‌కి ఇచ్చే సేవ్ అనే లెక్కే నాకు నచ్చదు. మూడు రన్‌ల ఆధిక్యంతో వచ్చి మూడు అవుట్లు తీసినా ఒక సేవే, ఒక్క రన్ ఆధిక్యంతో వచ్చి ప్రాణాలు పోయేలా నెగ్గుకొచ్చినా ఒక సేవే. మొదటినుంచి వేసే పిచర్ గ్రెగ్ మాడక్స్ జీవితంలో 5,008 ఇన్నింగ్స్ వేశాడు. మో వేసినవి 1,283 చిల్లర. నాలుగో వంతు! 1995లో మోని స్టార్టర్‌గానే పెట్టి చూశారు, 10 ఆటలు మొదలుపెట్టాడు, ఆ ఏడాది ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన వల్ల పోయిన రన్‌లు, తక్కువైతే మంచిది) 5.51. అక్కడ కుదరలేదు కాబట్టే బుల్‌పెన్‌కి వెళ్ళాడు. గొప్పవాడు కాదనను. అందరికన్నా గొప్ప అంటేనే నాకు అభ్యంతరం.

బ్రాంక్స్_బావ

మాస్టారూ, అక్టోబరు లెక్కలు కావాలనే వదిలేశారా? పోస్ట్‌సీజన్‌లో, అంటే సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే ఆటల్లో, 141 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 0.70. అంటే రెండు సీజన్ల పని, అదీ దేశంలోని మంచి జట్లన్నిటి మీద, చలిలో, ఓడితే ఇంటికెళ్ళే ఆటల్లో. ఆ మొత్తంలో ఇచ్చుకున్న ఎర్న్‌డ్ రన్‌లు (ఫీల్డర్ల తప్పు లేకుండా పోయినవి) 11. చంద్రుడి మీద నడిచినవాళ్ళే అంతకన్నా ఎక్కువ, 12 మంది. హోమ్ రన్‌లు రెండే రెండు: 1997లో శాండీ అలోమార్, 2000లో జే పేటన్. దీనికి ఏ మాడక్స్‌ని తెస్తారో తెండి.

కూకట్‌పల్లి_కిరణ్

అన్నలూ, నేను హైదరాబాద్ నుంచి. నైట్ షిఫ్ట్‌లో ఉన్నా. మా క్లయింట్ సైడ్ వాళ్ళు ఈ రోజు కాల్ మొదట్లో పది నిమిషాలు ఈయన గురించే మాట్లాడుకున్నారు, ఒకావిడ గొంతు కూడా వణికింది. క్లోజర్ అంటే ఏంటి? ఆ 42 ఆయన వయసా? ఎవరైనా క్రికెట్ భాషలో చెప్తారా?

గోదారి_గట్టు

కిరణ్ తమ్ముడూ, ఒక జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు. మొదలుపెట్టిన పిచర్ ఐదో ఆరో ఏడో ఇన్నింగ్స్ దాకా లాగుతాడు. తర్వాత వచ్చేవాళ్ళని రిలీవర్లంటారు. కొద్ది తేడాతో ముందున్నప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్‌కి పంపేవాడు క్లోజర్. మన డెత్ ఓవర్ల బౌలర్ అనుకో, కానీ రోజూ ఉంటుంది ఆ డెత్ ఓవర్. ఏడాదికి 162 ఆటలు.

మా ఊరి లెక్కలో చెప్తా. పంటంతా పండించి కుప్ప వేసేది వేరేవాళ్ళు. ఆ కుప్ప నూర్చి, వాన పడేలోగా ఇంటికి చేర్చేది క్లోజర్. గింజ తడిస్తే ఆరు నెలల కష్టమూ అతని తలకే చుట్టుకుంటుంది. చేరిస్తే మాత్రం "చేర్చాడులే" అంటారు, అంతే. ఈయన ఆ పని 652 సార్లు చేశాడు. ఎవరూ అంత దూరం రాలేదు.

వయసు 43. నంబర్ సంగతి మాధవి గారు చెప్తారు, ఆవిడకి ఆ చరిత్ర ఇష్టం.

మెట్స్_మాధవి

పిలిచారు కాబట్టి వచ్చాను 🙂 మేం క్వీన్స్‌లో ఉంటాం. మా ఆయన యాంకీస్, నేను న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్. ఇంట్లో రెండు టీవీలు.

కిరణ్, 42 జాకీ రాబిన్సన్ నంబర్. 1947లో మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్ళకున్న అడ్డుగోడని దాటి వచ్చినవాడు. దానికి 50 ఏళ్ళు నిండినప్పుడు, 1997లో, ఇంక ఏ జట్టూ ఆ నంబర్ ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. అప్పటికే వేసుకున్నవాళ్ళని ఉంచుకోనిచ్చారు. వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, చివరికి మో ఒక్కడే మిగిలాడు. మొన్న ఆదివారం యాంకీస్ ఆ నంబర్‌ని ఆయన పేరుతో రిటైర్ చేసినప్పుడు రాబిన్సన్ కుటుంబం కూడా మైదానంలో ఉంది. పనామాలో చేపల పడవ మీద పనిచేసి, పాల డబ్బాల అట్టతో గ్లవ్ చేసుకుని ఆడుకున్న కుర్రాడి వీపు మీద ఆ నంబర్ ఆఖరుగా నిలవడం... నేను మెట్స్ మనిషినైనా టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

ఇంకోటి. ఈ మే 28న మా మెట్స్ మైదానం సిటీ ఫీల్డ్‌కి వచ్చాడు. గౌరవంగా మొదటి బంతి ఆయన చేతే వేయించారు. అదే రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 1-0తో ముందుండగా వచ్చి, ఒక్క అవుట్ కూడా తియ్యకుండా ఓడిపోయాడు! మర్ఫీ డబుల్, రైట్ సింగిల్, డూడా సింగిల్, 2-1. మేం గెంతులేశాం. మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

జూలైలో ఆల్‌స్టార్ ఆట కూడా మా దగ్గరే. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి ఆయన పరుగెత్తుకొచ్చేసరికి మైదానంలో ఇంకెవరూ లేరు. జట్టంతా డగౌట్‌లోనే ఆగిపోయింది, ఆయన ఒక్కడే మౌండ్ మీద. చుట్టూ నలభై వేలమందికి పైగా నిలబడి చప్పట్లు. వాళ్ళలో సగం మంది నాలాంటి మెట్స్ జనమే.

కూకట్‌పల్లి_కిరణ్

మాధవి అక్కా, చదువుతుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వీడియో వెతుకుతున్నా.

సాక్స్_సుబ్బు

శత్రుపక్షం, అంటే బాస్టన్ రెడ్ సాక్స్ అభిమానుల నుంచి నాలుగు మాటలు. వినండి.

17 అక్టోబరు 2004. ఫ్రామింగమ్‌లో నలుగురం రూమ్మేట్లం, ఒక పాత టీవీ. యాంకీస్‌తో సిరీస్‌లో 0-3 వెనక, ఆటలో 3-4 వెనక, తొమ్మిదో ఇన్నింగ్స్, మౌండ్ మీద మో. మా రూమ్మేటు లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళాడు, "ఇంకేం చూస్తాం రా" అని. మా మిలార్‌కి వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) దొరికింది. అతని బదులు పరుగెత్తడానికి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. దొంగతనంగా రెండో బేస్‌కి వెళ్తాడని స్టేడియంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మో మూడుసార్లు ఫస్ట్ బేస్‌కి బంతి విసిరి ఆపాలని చూశాడు. అయినా వెళ్ళిపోయాడు, చెయ్యి ఒక్క జానెడు ముందు తగిలింది. వెంటనే ముల్లర్ సింగిల్, స్కోరు సమం. పన్నెండో ఇన్నింగ్స్‌లో ఆర్టిజ్ హోమ్ రన్. 1918 తర్వాత మాకు మొదటి వరల్డ్ సిరీస్ ఆ రాత్రి నుంచే మొదలైంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. 2005 ఏప్రిల్‌లో మా మైదానం ఫెన్‌వేలో మా వాళ్ళు ఛాంపియన్ ఉంగరాలు తీసుకున్న రోజు యాంకీస్‌ని ఒక్కొక్కరినే పిలిచారు. మో పేరు చదవగానే మా జనం ఈలలు, చప్పట్లతో అదరగొట్టేశారు, మమ్మల్ని గెలిపించింది నువ్వే అన్నట్టు. అవమానమే అది. ఇంకొకడైతే ముఖం మాడ్చుకునేవాడు. ఆయన నవ్వాడు. టోపీ తీసి ఊపాడు. ఆ నవ్వులో విషం లేదు, దాచుకున్న కోపం లేదు. ఆ రోజు నుంచి నేనాయన్ని ద్వేషించలేకపోయాను. ఈ నెల 15న ఫెన్‌వేలో వీడ్కోలు ఇచ్చినప్పుడు గొంతు పోయేలా అరిచాను, ఈసారి మనస్ఫూర్తిగా.

బ్రాంక్స్_బావ

సుబ్బూ, తొమ్మిదేళ్ళుగా ఆ రాబర్ట్స్ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ పూర్తిగా చదివాను. నీకు నా వంతు కాఫీ బాకీ.

పాడ్రెస్_ప్రసాద్

శాన్ డియేగో వాణ్ణి కూడా కాస్త రానివ్వండి. మా పాడ్రెస్ క్లోజర్ ట్రెవర్ హాఫ్‌మన్‌కి 601 సేవ్‌లు. 2011 సెప్టెంబరు 19న మో దాన్ని దాటేదాకా అదే రికార్డు. మా హాఫ్‌మన్ మెల్లగా వేసే చేంజప్‌తో బ్యాటర్లని ముందే ఊపించేవాడు, చూస్తుంటే జాలేసేది. పెద్ద ఊళ్ళో, ప్రతి అక్టోబరూ టీవీలో కనిపించే జట్టులో ఆడలేదు కాబట్టి ఆయనకి ఈ ఊరేగింపు దక్కలేదు. మోని తక్కువ చెయ్యడం లేదు, మా ఆయన పేరు కూడా ఈ చర్చలో ఒకసారి ఉండాలని రాస్తున్నాను.

ఎడిసన్_శ్రీను

ఉండాలి ప్రసాద్ గారూ, తప్పకుండా ఉండాలి. 602 రోజున నాకూ మొదట హాఫ్‌మనే గుర్తొచ్చాడు.

బ్రాంక్స్_బావ

శ్రీనూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. కొంచెం పెద్దది.

2001 సెప్టెంబరు తర్వాత న్యూయార్క్ ఎలా ఉండేదో ఇక్కడ కొందరికి తెలుసు. నేను డౌన్‌టౌన్‌లో పనిచేసేవాణ్ణి. ఆ వాసన నెలల తరబడి పోలేదు. ఆ అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఊరు మొత్తానికి ఒక్క ఊపిరి యాంకీస్. నవంబరు 4న అరిజోనాలో వరల్డ్ సిరీస్ ఏడో ఆట, అదే ఆఖరిది. 2-1తో ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మో వచ్చి ముగ్గుర్ని స్ట్రైక్ అవుట్ చేశాడు. అయిపోయిందనుకున్నాం. క్వీన్స్‌లో మా అపార్ట్‌మెంట్‌లో పదకొండు మందిమి, ఎవరో స్వీట్ బాక్స్ రిబ్బను కూడా విప్పారు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సింగిల్. తర్వాత బంట్ (ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం). మో బంతి తీసుకుని రెండో బేస్‌కి విసిరాడు, అది పక్కకి పోయింది. తన చేతి తప్పే. ఆ తర్వాత వోమాక్ డబుల్, స్కోరు సమం. చివర్లో అరిజోనా బ్యాటర్ గొంజాలెజ్. మో తన కట్టర్ (చివరి క్షణంలో పక్కకి జరిగే బంతి) వేశాడు, బంతి బ్యాట్ పిడి దగ్గర తగిలింది, సరిగ్గా మో కోరుకున్న చోటే. ఏ రోజైనా అది అవుటే. ఆ రోజు ఫీల్డర్లు ముందుకొచ్చి నిలబడ్డారు కాబట్టి వాళ్ళ తల మీదుగా మెల్లగా పడింది. అయిపోయింది.

వారం తర్వాత, నవంబరు 12న, జేఎఫ్‌కే నుంచి శాంటో డొమింగో వెళ్ళే 587 విమానం క్వీన్స్‌లోనే కూలిపోయింది. జట్టులో ఎన్రికే విల్సన్ ఆ విమానంలో వెళ్ళాల్సింది. గెలిచి ఉంటే విజయోత్సవ ఊరేగింపు కోసం ఆగి, అదే విమానం ఎక్కేవాడు. ఓడిపోవడంతో ముందే వెళ్ళిపోయాడు. ఓడిపోయినందుకు సంతోషంగా ఉందని, లేకపోతే స్నేహితుణ్ణి పోగొట్టుకునేవాళ్ళమని మో తర్వాత చెప్పాడు.

ఆ నెలలోనే నా ఉద్యోగం పోయింది. వీసా గడియారం తిరుగుతోంది. ఒక ఇంటర్వ్యూలో నోరు పెగలక, మెట్ల మీద కూర్చుని, ఇంటికెళ్ళిపోదాం అనుకున్నాను. ఏప్రిల్ వచ్చింది. టీవీ పెడితే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ అదే మనిషి, అదే పరుగు, అదే ముఖం. మోకి ఏమీ జరగలేదని కాదు. జరిగింది, అయినా వచ్చాడు. నాకు మో అంటే 652 కాదు శ్రీనూ, ఆ ఏప్రిల్.

మెట్స్_మాధవి

బావ గారూ, ఇన్నేళ్ళుగా ఇక్కడ రాస్తున్నారు, ఇది ఎప్పుడూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు

చదివాను. కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

నా వాదన నేను వదలను కానీ, న్యాయంగా నా వైపు నుంచే ఒక అంకె ఇస్తాను. మైదానాన్నీ కాలాన్నీ సరిచూసి ఈఆర్ఏని పోల్చే పద్ధతి ఒకటుంది, లీగ్ సగటు 100. కనీసం 1,000 ఇన్నింగ్స్ వేసినవాళ్ళలో మోకి 205. తర్వాతి వాళ్ళు 150ల దగ్గరే ఆగిపోయారు. గొప్ప స్టార్టర్ పెడ్రో మార్టినెజ్‌తో సహా. తక్కువ ఇన్నింగ్స్ అన్నా సరే, ఇది మామూలు విషయం కాదు.

ఓట్లతో ఆటలోని మహామహుల్ని ఎంచుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌కి మొదటి ఏడాదే వెళ్తాడు, సందేహం లేదు. నూటికి నూరు ఓట్లు మాత్రం రావు. బేబ్ రూత్‌కి రాలేదు, విల్లీ మేస్‌కి రాలేదు. రికార్డు టామ్ సీవర్‌ది, 1992లో 430కి 425. రిలీవర్‌కి ఓటెయ్యనని మొండికేసేవాడు ఒక్కడైనా ఉంటాడు.

బ్రాంక్స్_బావ

పందెం. నూటికి నూరు వస్తాయి. ఓక్ ట్రీ రోడ్‌లో బిర్యానీ, మీరు డల్లాస్ నుంచి వచ్చి పెట్టించాలి.

లెక్కల_మాస్టారు

ఒప్పుకున్నాను. అందరూ సాక్షులు.

గోదారి_గట్టు

సాక్షులకి కూడా బిర్యానీ ఉంటుందా లేదా ముందే తేల్చండి.

మంచు_మూర్తి

మినియాపొలిస్ నుంచి. ఈ ఏడాది ఆయన వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఏదో బహుమతి ఇచ్చారు కదా, మా ట్విన్స్ ఇచ్చినదే అన్నిటికన్నా మంచిది అని నేను ఎక్కడైనా వాదిస్తాను. విరిగిన బ్యాట్లతో చేసిన ఊగే కుర్చీ! ఆయన కట్టర్ ఎడమచేతి బ్యాటర్ల చేతుల్లోకి కోసుకొచ్చి పిడి దగ్గర బ్యాట్లు విరగ్గొట్టేది, ఆ విరిగిన బ్యాట్లే చేతులుగా, వీపుగా పెట్టి కుర్చీ చేశారు. ఇంటికెళ్ళి కూర్చో నాయనా అని.

దానికన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. ఊరూరా టికెట్లు చింపేవాళ్ళు, వంటవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టేడియంలో పనిచేసేవాళ్ళు, కష్టంలో ఉన్న అభిమానులు, ఇలా కొద్దిమందిని ఒక గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. "ఇన్నేళ్ళూ ఈ ఆట నడవడానికి మీరు చేసిందేమిటో నాకు తెలియాలి" అన్నట్టు. మన వైపు వీడ్కోలు సభంటే శాలువా, దండ, ఫొటో. ఇది తిరగేసి చేశాడు.

ఎడిసన్_శ్రీను

పొద్దున్నే లేచేసరికి ఇన్ని రాశారు! అందరికీ పేరుపేరునా థాంక్స్.

నాన్న టిఫిన్ తింటూ ఒకటే ప్రశ్న: "ఏం వేస్తాడ్రా అసలు, ఒకే రకం బంతి అంటున్నావు, అంతమంది ఎలా అవుటవుతారు?" టెన్నిస్ బంతి తీసుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. మామూలు ఫాస్ట్‌బాల్‌లాగే పట్టుకుంటాడు, కాకపోతే మధ్యవేలు కాస్త ఎక్కువ నొక్కుతుంది. బ్యాటర్‌కి చివరి క్షణం దాకా తిన్నగా వస్తున్నట్టే ఉంటుంది. ఊపడం మొదలెట్టాక, ఇంక ఆపలేని టైముకి, ఒక నాలుగైదు అంగుళాలు పక్కకి జరుగుతుంది. 1997లో రమీరో మెండోసాతో ఊరికే క్యాచ్‌లు ఆడుతుంటే చేతిలోంచి దానంతటదే అలా రావడం మొదలైందట. మొదట్లో దాన్ని మానాలని కూడా చూశాడు, మానలేకపోయాడు. దేవుడిచ్చాడంటాడు ఇప్పటికీ. నేను ఎంత వేసినా తిన్నగానే వెళ్ళి కంచెకి తగిలింది.

నాన్న విని, "అయితే ఇది కుంబ్లే సంగతే. ఏం వేస్తాడో అందరికీ తెలుసు, తెలిసీ ఏం చెయ్యలేరు" అన్నారు. పదమూడేళ్ళుగా ఇక్కడ అందరికీ ఏదేదో చెప్పి చూశాను, ఇంత తేలిగ్గా ఎవరికీ అర్థం కాలేదు. సోమవారం ఆఫీసులో ఇదే చెప్తాను.

కూకట్‌పల్లి_కిరణ్

శ్రీను అన్నా, కుంబ్లే అనగానే నాకు మొత్తం అర్థమైపోయింది. నాన్నగారికి నమస్కారాలు.

హ్యూస్టన్_హరిత
29 సెప్టెంబరు 2013

చివరి మూడు ఆటలు మా ఊళ్ళోనే కదా, శని, ఆది రెండు రోజులూ వెళ్ళాను. మా అబ్బాయి మో తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనైనా వస్తాడని అట్ట మీద 42 రాసుకుని తెచ్చాడు. రాలేదు. సెంటర్ ఫీల్డ్‌లో ఒక్కసారైనా ఆడాలని ఎప్పట్నుంచో ఆయన కోరిక, ఇక్కడ తీర్చుకుంటాడని అందరం అనుకున్నాం. అదీ వద్దన్నాడు. గురువారం ఆ మౌండ్ మీద నుంచి దిగి, ఆట అయ్యాక ఒక్కడే తిరిగి వెళ్ళి గుప్పెడు మట్టి తీసుకున్నాడు చూశారా, అక్కడితోనే ఆయనకి అయిపోయింది.

కానీ శనివారం పెటిట్ ఆఖరి ఆట. మా ఊరివాడే. 41 ఏళ్ళ వయసులో మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ తనే వేసి 2-1తో గెలిపించాడు! పెటిట్ గెలుపుల్లో 72 మో కాపాడినవే, అంత జోడీ ఇంకోటి లేదు. ఆ రోజు మాత్రం కాపాడే అవసరం రాకుండా చేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ వైపు అందరం తలలు తిప్పి చూశాం. పెటిట్ చూడలేదు.

మా అబ్బాయి ఆ అట్ట పారెయ్యనివ్వడం లేదు. మంచం వెనక పెట్టుకున్నాడు.

పాడ్రెస్_ప్రసాద్

"కాపాడే అవసరం రాకుండా". హరిత గారూ, అదే మోకి పెటిట్ ఇచ్చిన బహుమతి అనుకుంటా.

కూకట్‌పల్లి_కిరణ్
10 అక్టోబరు 2013

అన్నలూ అక్కలూ, సచిన్ కూడా చెప్పేశాడు. 200వ టెస్టుతో ఆపేస్తాడట. ఆఫీసులో ఎవరూ పని చెయ్యడం లేదు. మా క్లయింట్ ఆవిడ కాల్‌లో "ఏమైంది, అందరూ అలా ఉన్నారు?" అని అడిగింది. మీకు సెప్టెంబర్ 26 లాంటిది మాకు వచ్చింది అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు, మీటింగ్ రేపటికి మార్చేసింది.

సాక్స్_సుబ్బు

ఒకే శరత్కాలంలో ఇద్దరూనా!

బ్రాంక్స్_బావ
22 జనవరి 2019

పాత చర్చ పైకి తెస్తున్నాను. మాస్టారూ, ఉన్నారా? హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో మోకి 425కి 425. నూటికి నూరు. చరిత్రలో మొట్టమొదటిసారి. రూత్ కాదు, మేస్ కాదు, చేపల పడవ మీద నుంచి 3,000 డాలర్లకి మించని బోనస్‌తో వచ్చిన రిలీవర్!

లెక్కల_మాస్టారు

ఉన్నాను. సాయంత్రం నుంచి టీవీ ముందే ఉన్నాను. 2016లో గ్రిఫీకి మూడే ఓట్లు తగ్గినప్పుడు కూడా ఇంక ఎవరివల్లా కాదనుకున్నాను. సీవర్‌కీ 425 ఓట్లే, మోకీ 425 ఓట్లే. తేడా ఆ మొండికేసిన ఐదుగురు. ఈసారి ఒక్కడూ లేడు. ఓడిపోయాను, సంతోషంగా ఓడిపోయాను.

ఒక చిన్న ఊరట: మోతోపాటే ఎడ్గర్ మార్టినెజ్ కూడా వెళ్తున్నాడు. మోని ఎదుర్కొన్న 19 అట్-బ్యాట్లలో 11 హిట్లు కొట్టినవాడు. ఆ రహస్యం ఇద్దర్నీ ఒకే వేదిక మీద చూసి తెలుసుకోవాలి.

పాడ్రెస్_ప్రసాద్

హాఫ్‌మన్ పోయినేడాదే వెళ్ళాడు. ముందు మావాడే తలుపు తీసి పెట్టాడు అంటాను.

ఎడిసన్_శ్రీను

తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశారు. "ఆ ఏడ్చినాయనకి ఏదో పెద్దది వచ్చిందటగా, పేపర్లో చిన్నగా వేశారు" అన్నారు. పేరు గుర్తు లేదట, నంబర్ మాత్రం సరిగ్గా చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. జూలై 21న కూపర్స్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వేడుక. ఎడిసన్ నుంచి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి, లేకపోతే పార్కింగ్ దొరకదు. మా వ్యాన్‌లో ఏడు సీట్లు. మేం నలుగురం. నాన్న జూన్‌లో వస్తానంటున్నారు, ఐదు. బావ ఒకటి, ఆరు. ఏడోది మాస్టారికి ఉంచాను, డల్లాస్ నుంచి ముందురోజు రాత్రే రావాలి. బిర్యానీ కూడా ముందురోజు రాత్రే.

మెట్స్_మాధవి

మేం వెనక మా కార్లో వస్తాం. పులిహోర, పెరుగన్నం నా వంతు. మెట్స్ టోపీ పెట్టుకునే వస్తాను, ముందే చెప్తున్నా.

సాక్స్_సుబ్బు

నేను ఇటు నుంచి నేరుగా వచ్చేస్తాను. అక్కడ ఎక్కడ కలుద్దాం?